కోబె కత్తిలో తగ్గిన ముక్క

భూలక్ష్మికి మూత పెట్టిన డబ్బా కనబడితే చెయ్యి ఊరుకోదు. ఇది ఆమె అత్తగారు చెప్పిన మాట, భర్త దేవన్న ఒప్పుకున్న మాట, గలాలీలో ఆమె పనిచేసే ఇంట్లో అందరికీ తెలిసిన మాట. దొంగబుద్ధి అనుకునేరు, అదేం కాదు. తీసిన వస్తువు తీసినచోటే పెడుతుంది, పెట్టేముందు తుడిచి మరీ పెడుతుంది. ఆమెకు కావలసింది వస్తువు కాదు, లోపల ఏముందో తెలియడం. తెలియకపోతే ఆ రోజు అన్నం సయించదు.

మెట్‌పల్లి దగ్గరి ఒక పల్లెలో కమ్మరి ఇంట్లో పుట్టి, ఆ పక్క ఊళ్లో కమ్మరి ఇంట్లోనే మెట్టిన మనిషి. కొలిమి అంటే మగవాళ్ల పని అని చాలామంది అనుకుంటారు. వాళ్లు ఎప్పుడూ కొలిమి దగ్గర నిలబడి చూసి ఉండరు. పట్టుకారుతో ఎర్రటి ఇనుము పట్టుకుని దర్జాగా కూర్చునేవాడు మగవాడే. ఎదురుగా నిలబడి, కొంగు బొడ్లో దోపి, సమ్మెట ఎత్తి కొట్టేది మాత్రం ఆడది. భూలక్ష్మి పదేళ్ల వయసు నుంచి కొట్టింది. ఆమె భుజాలు చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. తరవాత బజారులో రెడీమేడ్ కొడవళ్లు, పారలు వచ్చాయి. కొలిమిలో బూడిద చల్లారింది. దేవన్న మెట్‌పల్లిలో ఒక వెల్డింగ్ షాపులో కుదిరాడు, భూలక్ష్మి దుబాయి వచ్చింది. దుబాయి అంటే బహ్రెయిన్, అందులో గలాలీ అనే ఊరు. వాళ్ల ఊళ్లో సముద్రం దాటినవాళ్లంతా దుబాయి పోయినట్టే లెక్క, ఏ దేశంలో దిగారన్నది వాళ్లకు పట్టదు.

ఈ ఇంటికి వచ్చి చాలా ఏళ్లయింది. వండడం, ఉతకడం, తుడవడం, ముసలాయనను చూసుకోవడం ఆమె పని. ఇనుము అంటే ఇప్పుడు ఆమెకు కూరగాయల కత్తి, ఇస్త్రీ పెట్టె. సమ్మెట చప్పుడు గుర్తొచ్చినప్పుడు మనసు ఎట్లాగో అయిపోతుంది. ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పినా నవ్వుతారు.

ముసలాయన పేరు యూసుఫ్. అందరిలాగే ఆమె కూడా బాబా అంటుంది. ఎనభై దాటాయి. ఓడరేవు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది. కొడుకు పొద్దున మనామా పట్నంలో పనికి వెళితే పొద్దుపోయాకే వస్తాడు. బాబాకు ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండో కంటికి మనుషుల ఆకారం మాత్రం ఆనుతుంది. అదీ ఎంతోకాలం ఉండదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. వయసులో ఉన్నప్పుడు బొంబాయి ఓడలవాళ్ల దగ్గర నేర్చుకున్న హిందీ ఆయనది. మెట్‌పల్లి తెలుగులో అరబ్బీ కలిపిన హిందీ ఈమెది. బయటివాళ్లు వింటే ఇద్దరూ పోట్లాడుకుంటున్నారనుకుంటారు. వాళ్లకు మాత్రం ఒకరి మాట ఒకరికి బాగానే తెలుస్తుంది.

రంజాను ముందు ఇల్లంతా దులుపుతూ స్టోరు గదిలో అలమారా పైన ఒక పొడుగాటి చెక్కపెట్టె చూసింది భూలక్ష్మి. ఇంకేముంది. స్టూలు ఎక్కింది, దించింది, మూత తీసింది.

లోపల పాత పట్టుగుడ్డలో చుట్టిన కత్తి. పిడి లేదు. పిడి విడిగా ఉంది, ఒర విడిగా ఉంది, చిన్న చిన్న పొట్లాలు విడిగా ఉన్నాయి. పిడిని దులిపితే లోపలినుంచి ఏదో పొట్టు రాలింది, చీపురుతో ఊడ్చేసింది. తరవాత గుడ్డ విప్పి కత్తి చూసి అట్లాగే కూర్చుండిపోయింది. అంచు పొడుగునా తెల్లటి గీత ఒకటి అలలు అలలుగా పోతోంది. అది ఎవరో చెక్కింది కాదు. కాల్చిన కొడవలిని నీళ్లలో ముంచి పదును పట్టించినప్పుడు అంచుకు ఒక రంగు, నడుముకు ఒక రంగు రావడం ఆమె వందలసార్లు చూసింది. కానీ ఆ నీటిగుర్తు ఇంత అందంగా, ఎవడో పనిగట్టుకుని అడిగి రప్పించుకున్నట్టుగా ఉండడం ఎప్పుడూ చూడలేదు.

"ఆ గుడ్డ చప్పుడు నాకు తెలుసు" అన్నాడు బాబా గుమ్మంలోంచి.

భూలక్ష్మి గబుక్కున కత్తి మీద గుడ్డ కప్పేసింది. చీవాట్లు పడతాయనుకుంది. ఆయన గోడ పట్టుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుని, తిట్టడానికి బదులు ఇంకోటి అడిగాడు.

"అన్నీ ఉన్నాయా? చూసి చెప్పు."

"అన్నీ అంటే ఏమేముండాలె బాబా? నాకేం ఎరుక?"

"అదే నాకూ తెలియదు. డెబ్బై ఏళ్లకు పైగా తెలియదు" అన్నాడాయన.

అప్పుడు చెప్పాడు. ఆయన తండ్రి హాజీ ఇబ్రహీం ముత్యాల వ్యాపారి. జపాను వాళ్లు ముత్యాలను పెంచి అమ్మడం మొదలుపెట్టాక ఇక్కడి ముత్యాలను అడిగే దిక్కు లేకుండా పోయింది. పొట్టకొట్టిన దేశానికే వెళ్లి బట్టలు కొనుక్కొచ్చి అమ్మాడాయన. అట్లా యుద్ధం అయిపోయిన కొన్నేళ్లకు కోబె రేవునుంచి ఈ కత్తి తెచ్చాడు. అతిథులు కూర్చునే ముందుగదిలో, మజ్లిసులో, నలుగురినీ కూర్చోబెట్టి ఒర తీసి చూపించేవాడు. ముత్యం చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పే కన్ను తనదని, కత్తి బేరంలో కూడా తననెవడూ మోసం చేయలేడని గొప్పగా చెప్పుకునేవాడు.

యూసుఫ్‌కు అప్పుడు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. పిడి కింద ఏముందో చూడాలని ఆ పిల్లవాడికి ఒకటే ఆరాటం. ఒక శుక్రవారం తండ్రి మసీదుకు వెళ్లినప్పుడు పిడికి అడ్డంగా ఉన్న మేకును కొట్టి, అన్నీ ఊడదీసి, కళ్లారా చూసి, మళ్లీ వరసలో ఎక్కించాడు. ఎక్కించాడు గానీ పిడి కదలసాగింది. ఎంత బిగించినా గలగలమంది. ఇంతలో తండ్రి అతిథులతో వచ్చాడు, కత్తి దూశాడు, అందరి ముందూ అది గలగలమంది.

"ఒక ముక్క పోగొట్టావు అన్నాడు మా నాన్న. అందరి ముందే అన్నాడు. అప్పుడు మేముండే ముహర్రక్ ఇంట్లో పెరడంతా ఇసక. పిండి జల్లెడ తెచ్చి ఆ ఇసకంతా జల్లించాను. దొరకలేదు. ఆయన కత్తిని విప్పి ఈ పెట్టెలో పెట్టి మూసేశాడు, మళ్లీ ఎవరికీ చూపించలేదు."

అంతటితో పోతే బాగుండేది. పోలేదు. యూసుఫ్ చేతిలో ఏది పెట్టినా ఒక ముక్క తగ్గుతుంది అనే మాట ఇంట్లో పుట్టింది. దుకాణం తమ్ముడు జాసింకు వెళ్లింది, యూసుఫ్ గుమాస్తా అయ్యాడు. పెళ్లిలో ఆ మాట అన్నారు, పిల్లవాడు పుడితే అన్నారు, ఈద్ నాడు అందరూ కూర్చుంటే అన్నారు. అక్క మరియం ఇప్పటికీ ప్రతి శుక్రవారం వచ్చి, చాయ్ గ్లాసు ఆయన చేతికిస్తూ, జాగ్రత్త, ముక్క తగ్గించకు అంటుంది. ఆయనా నవ్వుతాడు. భూలక్ష్మి ఆ మాట ఎన్నోసార్లు వింది. దాని వెనక ఇంత ఉందని ఇప్పుడే తెలిసింది.

ఆమెకు తన తండ్రి గుర్తొచ్చాడు. చిన్నప్పుడు తాళంకప్ప విప్పేసి బిగించలేక భయపడి దాక్కుంటే, ఆయన వెతికి తీసుకొచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకుని, నవ్వుతూ ఇద్దరూ కలిసి బిగించారు. అందరి తండ్రులూ అంతే అనుకుంది ఇన్నాళ్లూ. ముసలాయన మీద జాలి పుట్టింది, ఆ పోయిన తండ్రి మీద కోపమూ వచ్చింది.

"ముక్క దొరకకపోయినా ఫర్వాలేదు లక్ష్మీ. అది ఏ ముక్క అన్నది తెలియాలి. ఈ మిగిలిన కన్ను పోయేలోగా తెలియాలి" అన్నాడాయన.

"సూద్దం బాబా. మునవ్వరన్నను కూడ పిలుస్త, ఆయనకు ఇంగ్లీషు అస్తది."

మునవ్వర్ ఆ ఇంటి డ్రైవరు, కోరుట్ల మనిషి. ఫోను చేతిలో ఉంటే ప్రపంచంలో తనకు తెలియనిది లేదనే నమ్మకం ఉంది అతనికి. మరునాడు పగలు మజ్లిసులో తెల్ల దుప్పటి పరిచి ముగ్గురూ కూర్చున్నారు. బాబా గోడకు ఆనుకున్నాడు, మునవ్వర్ ఫోను తెరిచాడు, భూలక్ష్మి పొట్లాలు విప్పింది. చింతపండు గిన్నె కూడా దగ్గర పెట్టుకుంది.

"అదెందుకక్కా?" అన్నాడు మునవ్వర్.

"తోముడు తోముతనే గద ఎట్లున్నదో కండ్లవడేది. దసరకు మా ఇంట్ల సమ్మెట కాంచి సూది దాక చింతపండు వెట్టి తోముతం. మొక్కెటప్పుడు ఇనుము తళతళ మెరువాలె."

అప్పటికే ఒక చిన్న రాగి పట్టీని తోమేసింది కూడా. అది కొత్త చెంబులా మెరిసిపోతోంది. మునవ్వర్ ఫోనులో ఏదో చదివి తల పట్టుకున్నాడు.

"ఆగక్కా, ఆగు. పిడిల పోయే తోక ఉన్నది సూడు, దాని తుప్పు అస్సలు ముట్టద్దంటున్నరు. ఆ నల్లదనం జూసే కత్తి వయసు జెప్తరంట. తోమితే ఖలాస్."

"తుప్పును ఉంచుకుంటరా ఎవలన్న?" అంది ఆమె, నమ్మలేక.

"జపానోళ్లు ఉంచుకుంటరంట. నన్నేం అడుగుతవ్, ఫోన్ల అట్లున్నది."

భూలక్ష్మి కత్తి తోకను వెలుతురుకు పట్టి చూసింది. నల్లగా, నున్నగా, నూనె పట్టిన తలుపులా ఉంది. తుప్పే గానీ రాలే తుప్పు కాదు. ఉలితో కొట్టిన ఏవో అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. ఎవడో తన పేరు కొట్టుకున్నాడు కాబోలు. దాన్ని తోమకుండా ఉండడం ఆమెకు ఒంటికి పడలేదు గానీ, అక్షరాలు చూశాక చింతపండు గిన్నె పక్కకు జరిపేసింది.

ఇంకో చిక్కు వచ్చింది. ఆమె ఏ ఇనుప ముక్కా బాబా చేతికి ఇవ్వదు. దుప్పటి మీద పెడుతుంది, ఆయన తీసుకోవాలి. ఇనుము చేతినుంచి చేతికి ఇస్తే కొట్లాట వస్తుందని వాళ్లింట్లో పట్టింపు. కళ్లు ఆనని మనిషి పాపం దుప్పటంతా తడుముతున్నాడు, ఈ ముక్క బదులు ఆ ముక్క పట్టుకుంటున్నాడు.

"చేతిలో పెట్టవచ్చు కదా?" అన్నాడు విసుగ్గా.

ఆమె సంగతి చెప్పింది. ఆయన పళ్లు లేని నోటితో నవ్వాడు. "ఈ వయసులో నాతో ఎవరు కొట్లాడతారు? రానీ, చాలా రోజులైంది ఎవరితోనైనా కొట్లాడి" అన్నాడు. అప్పటినుంచి చేతికే ఇచ్చింది.

ఒక్కో ముక్కా తేలసాగింది. తోమిన రాగి పట్టీ కత్తి మెడకు బిగుసుకునేది. అది కత్తిని ఒరలో గట్టిగా పట్టి ఉంచుతుంది. గుండ్రటి ఇనుప బిళ్ల ఒకటి, దాని మీద కొంగబొమ్మ, మధ్యలో తోక దూరే కంత. అది చేతికి అడ్డు. బాబా దాన్ని బొటనవేలితో తడిమి, చిన్నప్పుడు ఈ కొంగ ముక్కు పట్టుకుని లాగేవాణ్ణి అన్నాడు. పిడి చెక్కది. దాని మీద అడ్డదిడ్డంగా అల్లిన తాడు, తాడు సందుల్లోంచి గరుకైన తెల్లటి తోలు. అది ఏమిటో మునవ్వర్ వెతుకుతుండగానే బాబా వేలు పెట్టి చెప్పేశాడు. తోకలో ముల్లుండే బల్లపరుపు చేప తోలట. ఈ సముద్రంలో కూడా ఉంటుందట, చిన్నప్పుడు ఒకసారి కాలికి గుచ్చుకుందట.

రెండు పలచటి రాగి బిళ్లలు మాత్రం ఏడిపించాయి. అడ్డుబిళ్లకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి రావాలి. ఏది ఎటు? చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. మునవ్వర్ ఫోనులో బొమ్మలు పెద్దవి చేసి చూశాడు, చిన్నవి చేసి చూశాడు. భూలక్ష్మి ఫోను వంక చూడలేదు. అడ్డుబిళ్లను పట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్లింది. ఏళ్ల తరబడి రాగి ఆనుకున్నచోట ఇనుము రంగు కొంచెం తేడాగా ఉంది, నీడ పడ్డట్టు. ఒక పక్క నీడ రవ్వంత పెద్దది. బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెట్టి రవ్వంత పెద్దదేదో చూసి, దాన్ని పెద్ద నీడ మీద పెట్టింది, సరిగ్గా కూర్చుంది. ఎన్నేళ్ల తరవాతో ఆమెకు కొలిమి ముందు నిలబడినంత సంతోషం వేసింది.

ఆఖరున ఒక వెదురు మేకు. ఒక కొన సన్నం, ఒక కొన లావు. పిడికీ తోకకూ కలిపి ఉన్న కంతలో దిగి మొత్తాన్ని పట్టి ఉంచేది అదే. తండ్రి దాన్ని కాగితంలో చుట్టి దాచాడు.

"గంతేనా?" అంది భూలక్ష్మి.

"గంతే" అన్నాడు మునవ్వర్, బొమ్మలోవి, దుప్పటి మీదివి మళ్లీ ఒకసారి పోల్చి. "అన్నీ ఉన్నయి. మరి పోయిందేంది?"

భూలక్ష్మి వరసగా ఎక్కించింది. రాగి పట్టీ, బిళ్ల, అడ్డుబిళ్ల, బిళ్ల, పిడి. మేకు దగ్గర ఆగింది. పిడి కంతలోంచి చూస్తే తోక కంత పూర్తిగా కనబడదు, చంద్రవంకలా సగమే కనబడుతోంది. మేకును ఎట్లాగో వంకరగా దింపింది. బాబా చేతికి ఇచ్చింది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

గలగలమంది.

"ఇదే చప్పుడు" అన్నాడు ఆయన. గొంతు తొమ్మిదేళ్ల పిల్లవాడిదైపోయింది.

మునవ్వర్ ఏదో సర్దిచెప్పబోయాడు. కొన్ని కత్తులకు ఇంకో బిళ్ల అదనంగా ఉంటుందేమో, అదే పోయిందేమో అన్నాడు. ఊరుకున్నా బాగుండేది. అంటే నిజంగానే పోగొట్టాను అనుకుంటూ బాబా లేచి గదిలోకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం భోజనం ముట్టలేదు. భూలక్ష్మికి గిన్నెలు కడుగుతున్నా చెవిలో అదే గలగల.

గిన్నెలు కడుగుతూనే ఆలోచించింది. ఇదే పార అయితే ఏం చేసేది? పార కామ, అంటే కర్రపిడి, వదులైతే ఎవరూ పోయిన ముక్క కోసం వెతకరు. ఈత మట్ట పేడు ఒకటి చీల్చి, కామ సందులో చీలలా కొడితే పంట అయ్యేదాకా కదలదు. జపాను కత్తికి మెట్‌పల్లి వైద్యం చేయవచ్చా? మునవ్వర్‌ను అడిగితే ఫోను చూసి వద్దంటాడు. అందుకని అడగలేదు.

పెరట్లో ఖర్జూరపు చెట్టుంది. ఈత చెట్టుకు అక్కలాంటిదే. ఎండిన మట్ట ఒకటి విరిచి, కూరగాయల కత్తితో సన్నటి పేడు చెక్కింది. పలచన చేసి, కొన వాల్చి, పిడి నోట్లోకి జరిపింది. జరిపేటప్పుడే చెయ్యి ఆగింది. కొత్త చెక్కలోకి చీల దూరేటప్పుడు మొండికేస్తుంది, అది ఆమె చేతికి తెలుసు. ఇది మొండికేయలేదు. జారి వెళ్లి, ఒకచోట కూర్చుంది, పక్క పరిచి ఉంచినట్టు. తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ అక్కడే కూర్చుంది.

తోక దూర్చింది. పిడి ఒక్క వెంట్రుకవాసి పక్కకు జరిగింది, కంతలో చంద్రవంక నిండు చంద్రుడైంది. వెదురు మేకు నిటారుగా దిగింది. ఊపింది. చప్పుడు లేదు.

పరుగున వెళ్లి బాబా చేతిలో పెట్టింది. ఆయన ఊపాడు. చెవికి ఆనించి ఊపాడు. లేచి నిలబడి, రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపాడు. గాలి కోసిన చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. ముసలాయన కళ్లవెంట నీళ్లు కారిపోయాయి.

"దొరికిందా? ఎక్కడ? పెట్టెలోనే ఉందా?"

ఉంది బాబా, పెట్టెలోనే ఉంది అంటే సరిపోయేది. ఆయనకు కనబడదు. ముక్క పోనేలేదని సంతోషంగా ఉండేవాడు. ఆ మాట భూలక్ష్మి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పిడిలో ఎవరో పరిచిన ఆ పక్క సంగతి ఆమెను కుదురుగా ఉండనివ్వడం లేదు. అబద్ధమాడితే అది ఇక ఎప్పటికీ తెలియదు.

"దొరుకలే బాబా. నేను మట్ట పేడు చీరి చీల వెట్టిన" అంది.

ఆయన చేతులు వాలిపోయాయి. "అయితే పోయినట్టే కదా" అన్నాడు.

"ఆగు బాబా. నేనొక్కటి అడుగుత. నీ కన్న ముందు దీన్ని ఎవలన్న ఇప్పిన్రా? నేను వెట్టిన చీల కొత్తగ దూరినట్టు లేదు. లోపల దానికి జాగున్నది. అంతకుముందు గసొంటిదే ఇంకోటి ఉండె."

చీల తీసి, హెయిర్‌పిన్ను వంచి పిడి లోపల గీకింది. మునవ్వర్ వచ్చి ఫోను లైటు పట్టాడు. మొదట పొట్టు రాలింది. ముందురోజు ఊడ్చేసింది కూడా ఇట్లాంటి పొట్టే అని అప్పుడు తట్టి, ఆమె తనను తానే తిట్టుకుంది. తరవాత, మూలకు విరిగి అతుక్కుపోయి ఉన్న ముక్క ఒకటి ఊడి వచ్చింది. గోరంత ఉంది, నల్లబడిపోయింది. దాన్ని బాబా అరచేతిలో పెట్టింది.

ఆయన రెండు వేళ్ల మధ్య నలిపాడు. వాసన చూశాడు. ముందరి చిగుళ్లతో కొరికి చూశాడు. చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని ఖర్జూరపు మట్టలు చీల్చి చేపల బుట్టలు అల్లిన మనిషి. ఆ నార ఎట్లా ఉంటుందో ఆయన వేళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మునవ్వర్" అన్నాడు నెమ్మదిగా. "జపానులో ఖర్జూరపు చెట్లు ఉంటాయా?"

"లేవనుకుంటా బాబా. అక్కడ వెదురు."

ముగ్గురికీ సంగతి అర్థమైంది. కోబెలో ఎవడో ఒక కత్తికి ఇంకో కత్తి పిడి తగిలించి హాజీ ఇబ్రహీంకు అంటగట్టాడు. ఇంటికి వచ్చాక ఆయనకు తెలిసింది. పెరట్లో మట్ట చీల్చి, లోపల చీల పెట్టి, బిగించి, నలుగురికీ చూపించాడు. పిల్లవాడు ఊడదీసినప్పుడు అది విరిగింది. అందరి ముందూ కత్తి గలగలమన్నప్పుడు, ఎందుకు గలగలమందో ఆ గదిలో తెలిసినవాడు ఆయనొక్కడే. బేరంలో మోసపోయానని ఒప్పుకోవాలి, లేదా పిల్లవాడిమీద పెట్టాలి.

"ఆయనకు తెలుసు" అన్నాడు బాబా. "నేను ఇసక జల్లిస్తుంటే ఆయన కిటికీలోంచి చూశాడు. తెలిసే చూశాడు."

భూలక్ష్మి ఏడ్చేసింది. ఆయన ఏడవలేదు.

శుక్రవారం మరియం వచ్చింది. ఎనభై ఐదేళ్ల మనిషి, మోకాళ్లు పట్టేసినా నోరు పట్టేయలేదు. భూలక్ష్మి చాయ్ తెచ్చింది. మరియం గ్లాసు తీసి తమ్ముడి చేతికిస్తూ, అలవాటుగా, జాగ్రత్త, ముక్క తగ్గించకు అంది. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో వింటున్న అరబ్బీ కాబట్టి భూలక్ష్మికి ప్రతి మాటా అర్థమైంది.

బాబా నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, జేబులోంచి ఆ నల్లటి ముక్క తీసి అక్క చేతిలో పెట్టాడు.

"ఇది కత్తి పిడిలో దొరికింది. ఏమిటో చెప్పు" అన్నాడు.

ఇప్పుడు ఆమె ఆశ్చర్యపోతుంది, నాన్నను ఏమీ అనవద్దంటుంది, వాళ్లిద్దరికీ మాట పెరుగుతుంది అనుకుంది భూలక్ష్మి. మరియం ఆశ్చర్యపోలేదు. ఆ ముక్కను చూసి, చీర చెంగులాంటి తన నల్ల ముసుగు అంచుతో నోరు మూసుకుంది.

"ఆ మట్ట కోసుకొచ్చింది నేనే" అంది. "నాన్న చెక్కుతుంటే దీపం పట్టుకున్నదీ నేనే. ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయించుకున్నాడు."

బాబా ఆమె వైపు తిరిగాడు. "నాన్న పోయి ఎన్నేళ్లయింది మరియం?"

ఆమె ఆ ముక్కను అరచేతిలో అటూ ఇటూ తిప్పింది.

"ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"మొదట్లో భయం. తరవాత అదొక నవ్వులాట మాటైపోయింది. నీకు నొప్పని అనుకోలేదు యూసుఫ్. అందరికంటే ముందు నువ్వే నవ్వేవాడివి."

"మరి ఏం చేయమంటావు? అందరి మధ్యా కూర్చుని ఏడవనా?"

మరియం ఏడ్చింది. ఆయన చెయ్యి పట్టుకోబోయింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు గానీ, ఆమెను ఓదార్చనూ లేదు. ఏడుపు ఆగాక, ఫోను తియ్యి అన్నాడు.

"ఎవరికి?"

"ముందు జాసింకు. స్పీకరు పెట్టు, నేను వినాలి."

మరియం నంబరు నొక్కింది. అవతల జాసిం గొంతు వినబడగానే, కుశలప్రశ్నలు కూడా లేకుండా చెప్పేసింది. యూసుఫ్ ఏ ముక్కా పోగొట్టలేదు, ఆ కత్తికి పోయిన ముక్కంటూ లేదు, నాన్నకు తెలుసు, నాకూ తెలుసు అని. సరిగా వినబడలేదు, మళ్లీ చెప్పమన్నాడు జాసిం. ఆమె మళ్లీ చెప్పింది. యూసుఫ్ తల వంచుకుని, చెవి ఫోను వైపు పెట్టి విన్నాడు.

"తరవాత?" అంది మరియం.

ఆయన ఒక పేరు చెప్పాడు, ఆమె ఫోను చేసింది, అదే మాట చెప్పింది. ఇంకో పేరు చెప్పాడు. చిన్నాన్న కొడుకు ఒకడు, మేనత్త కూతురు ఒకతె, పెళ్లినాడు అందరి ముందూ ఆ మాట అని నవ్వించిన బావమరిది. ఆ పేరు దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. అతను పోయి చాలాకాలమైంది. ఆ తరవాత గుర్తొచ్చిన ఇద్దరు ముగ్గురూ పోయినవాళ్లే. నవ్విన వాళ్లలో ఫోను ఎత్తగలిగినవాళ్లు ఎక్కువమంది మిగల్లేదు.

"ఆ బావమరిది కొడుకున్నాడు కదా" అన్నాడు యూసుఫ్. "వాడికి చెయ్యి."